పన్ను మీద నా స్పీచ్, ఆగిపోయిన లిఫ్ట్

మా అపార్ట్‌మెంట్ల లిఫ్ట్ ఎందుకు ఆగిందని బయటోళ్లు అడిగితె మోటర్ కాలిందని చెప్తున్న. మీరు మనోళ్లు కాబట్టి అసలు ముచ్చట చెప్త. మోటర్‌కు ఏం కాలే. అది నా స్పీచ్ వల్ల ఆగింది.

నవ్వకుండ్రి. ఛాయ్ తాగుకుంట ఇనుండ్రి.

మీకు తెల్సిందే, నేను నారాయణగూడల ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్త. ఉండేది చిక్కడపల్లి గల్లీల, నాలుగో అంతస్తుల. మా అపార్ట్‌మెంట్‌కు ప్రెసిడెంట్‌ను గూడ నేనే. ఎన్నికలేం కాలే. ఆ రోజు మీటింగ్‌కు లేట్‌గ పోయిన. నేను కుర్చీ ఎతుక్కునేలోపల నన్ను ప్రెసిడెంట్ చేసి అందరు లేచి ఇండ్లల్లకు పోయిన్రు.

జనవరి మొదట్ల జీతం పడ్డది. మెసేజ్ చూస్తె ఎవరిదో జీతం నా ఫోన్‌కు వచ్చిందేమో అనిపిచ్చింది. అంత తక్కువున్నది. విషయమేందంటె, అకౌంట్స్ సెక్షనోళ్లు ఇన్సూరెన్స్ కాయితాలు తెమ్మని మస్తుసార్లు చెప్పిన్రు, నేను తేలే. కాయితాలు లేవు కాబట్టి టాక్స్ ఎక్కువ కోసిన్రు. తప్పు నాదే. కాని కోపం మాత్రం గవర్నమెంట్ మీద వచ్చింది.

ఆ కోపంల ఫోన్ పట్టుకుంటె ఒక వీడియో దొరికింది. ఎవరో ఒకాయన, నల్ల కోటు, ఎనుక లావు లావు పుస్తకాలు. ఇన్‌కమ్ టాక్స్ కట్టుడు మన ఇష్టమని, బలవంతం ఏం లేదని చెప్తున్నడు. డిపార్ట్‌మెంటోళ్లే దాన్ని ‘వాలంటరీ కంప్లయన్స్’ అంటరట. వాలంటరీ అంటె ఏంది, ఇష్టముంటె చేసేది. దానికితోడు రాజ్యాంగంల రెండు వందల అరవై అయిదో ఆర్టికల్ ఉన్నది, చట్టం అధికారం లేకుండ ఏ పన్ను ఎయ్యొద్దు, వసూలు చెయ్యొద్దు అని. ఇంత చెప్పి, “మరి మీ నుంచి కోసేటప్పుడు మిమ్మల్ని ఎవరన్న అడిగిన్రా?” అని కెమెరాల నుంచి సీద నా మొహంలకు చూసిండు.

నన్నయితె ఎవ్వరు అడగలే. ఆ ఒక్క మాటకు నేను పడిపోయిన. క్లాసుల పిల్లలు ఏం చెప్పినా ప్రూఫ్ ఏది అని సతాయిస్త. ఈయనను మాత్రం ఏం అడగలే. కోటు ఏసుకున్నడు గద.

ఇంకొన్ని రోజులకే జనవరి ఇరవై ఆరు వచ్చింది. ప్రతి ఏడాది మా పార్కింగ్ ముంగట జెండా ఎగరేస్తం. ప్రెసిడెంట్ రెండు మాటలు చెప్తడు, బూందీ పంచుతం, అయిపోతది. ఈసారి నేను రెండు మాటలతోని ఆగలే. రాజ్యాంగం పుట్టినరోజు, చేతిల మైక్, ముంగట ఖాళీ కడుపుతోని నిలబడ్డ జనం. ఎత్తుకున్న.

“పన్ను అనేది ప్రజల ఇష్టం. ఇష్టం లేని మనిషి దగ్గర పైసలు అడిగేటోడు ఎవడైనా సరే, రాజ్యాంగం ముంగట నిలబడి జవాబు చెప్పాలె” అన్న. ఈ రెండో ముక్క వీడియోల గూడ లేదు. నేనే కలుపుకున్న.

చప్పట్లు చూడాలె మీరు. మా రెండో అంతస్తు భాస్కరన్నకు కోఠిల బట్టల దుకాణం. ఆయనయితె విజిల్ గూడ ఏసిండు. మూడో అంతస్తుల నలుగురు ఆడపిల్లలు కిరాయికి ఉంటరు, గ్రూప్స్‌కు ప్రిపేరయితున్నరు, రోజు అశోక్‌నగర్ కోచింగ్‌కు పోతరు. అండ్ల స్వప్న అని నాగర్‌కర్నూల్ దిక్కు పిల్ల, పొడుగ్గుంటది, తక్కువ మాట్లాడుతది. ఆ పిల్ల నా స్పీచ్ మొత్తం ఫోన్ల రికార్డ్ చేసింది. నాకు మస్తు ఖుషీ అయింది. పాలిటీ పేపర్‌కు పనికొస్తదని చేసుకుంటుందేమో అనుకున్న.

ఒక్క రామారావు గారే చప్పట్లు కొట్టలే. ఆయనది గ్రౌండ్ ఫ్లోర్. వాళ్ల నాయన కాలంల గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడనే ఉండిపోయిన్రు. ఆడిటర్ ఆఫీసుల పని చేసి రిటైరయిండు. ఆయన మెల్లగ వేలెత్తి, “శ్రీనివాస్ గారూ, ఒక్క చిన్న విషయమండీ...” అన్నడు. నేను ఆయన చేతిల బూందీ పొట్లం పెట్టి పక్కోని దిక్కు తిరిగిన.

చప్పట్లు మనిషిని ఊకె ఉండనియ్యవు. తెల్లారి కాలేజీల అకౌంట్స్ సెక్షన్‌కు పోయి, వచ్చే నెల నుంచి నా జీతంల టాక్స్ కొయ్యొద్దు, నాకు ఇష్టం లేదు అని చెప్పిన. అక్కడ అనురాధ మేడం అని ఉంటది. కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. కొయ్యకపోతె కాలేజీ మీదికి నోటీస్ వస్తది, చట్టం మమ్మల్ని కొయ్యమంటది, మిమ్మల్ని అడగమని అనదు, అని ఓపికగ చెప్పింది. నేను వాలంటరీ అనే మాట మళ్ల ఎత్తిన.

“సార్, మీకు వాలంటరీ ఒక్కటే ఉన్నది. మీరు వాలంటరీగ ఉద్యోగం మానేస్తె మేం కోసుడు ఆపేస్తం” అన్నది.

నేను ఇన్సూరెన్స్ కాయితాలు అక్కడ పెట్టి బయటికొచ్చిన. ఈ సంగతి అపార్ట్‌మెంట్ల ఎవ్వరికి చెప్పలే.

ఫిబ్రవరి వచ్చింది. మెయింటెనెన్స్ పైసలు నెల మొదట్ల వస్తయి, ఎప్పుడైనా. ఈసారి వాట్సాప్ గ్రూపుల నేను రిమైండర్ పెడితె అందరు దండం బొమ్మ పెట్టిన్రు, పైసలు మాత్రం పెట్టలే. ఇంకోసారి పెట్టిన. ఇంకిన్ని దండాలొచ్చినయి. భాస్కరన్న మెట్ల మీద ఎదురైతె మర్యాదగనే అడిగిన. ఆయన నా భుజం మీద చెయ్యేసి, మీరే గద సార్ ఇష్టం లేని మనిషిని అడగొద్దన్నరు, నాకు ఈ నెల ఇష్టం పుడ్తలేదు, అని నవ్వుకుంట దుకాణానికి పోయిండు.

మూడో అంతస్తుకు పోయిన. స్వప్న తలుపు తీసింది. నేను మెయింటెనెన్స్ అనంగనే, “మేం కన్సెంట్ ఇయ్యలే సార్” అన్నది. మొహంల నవ్వు లేదు, కోపం లేదు. ఎనుక ముగ్గురు పిల్లలు మాత్రం పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకున్నరు.

నేను చెప్పింది ఇన్‌కమ్ టాక్స్ గురించమ్మా, మెయింటెనెన్స్ వేరు అన్న. ఎట్ల వేరు సార్ అన్నది. రేపు చెప్త అని మెట్లు దిగిన. నా ఇల్లేమో పైన ఉండె.

ఇగ ఖజానా ఖాళీ. వాచ్‌మన్ జీతం, నీళ్ల బిల్లు ఎట్లనో నెట్టుకొచ్చినం. లిఫ్ట్ సర్వీస్ కాంట్రాక్ట్ మాత్రం నెట్టలేకపోయినం. మెకానిక్‌కు ఫోన్ చేస్తె పాత బాకీ సంగతి ఏందన్నడు. తర్వాత ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. లిఫ్ట్ గూడ కొన్నాళ్లు కిర్రుకిర్రుమన్నది, ఒకనాడు రెండో అంతస్తు కాడ తలుపులు తెరుచుకుని అట్లనే నిలబడ్డది, భాస్కరన్న తీరుగనే. నేను ముంగట నా జేబుల నుంచి పెడ్తనంటె మా ఇంటామె సుజాత ససేమిరా అన్నది. స్పీచ్ మీరిచ్చిన్రు, చప్పట్లు మీకే వచ్చినయి, బిల్లు నా ఇంటి ఖర్చులకెల్లి ఎందుకు పోవాలె, అన్నది. న్యాయమే.

లిఫ్ట్ లేకపోతె ఏమైతది, ఎక్సర్‌సైజ్ అయితది అనుకుని నేను సప్పుడు చెయ్యలే. కాని ఆ టైముకే మా అత్తమ్మకు హిమాయత్‌నగర్ల మోకాలు ఆపరేషన్ అయింది. డిశ్చార్జ్ చేసి, మెట్లు ఎక్కొద్దని, కొన్ని వారాలు మా ఇంట్లనే పెట్టుకోమని డాక్టర్ చెప్పిండు. నేను ఆపరేషన్ హడావిడిల మెట్ల మాట మర్చిపోయిన. కారు గేటు ముంగట ఆగినంక, అత్తమ్మ వాకర్ పట్టుకుని దిగినంక, లిఫ్ట్ బటన్ ఒత్తినంక గుర్తుకొచ్చింది.

అత్తమ్మ పేరు ఈశ్వరమ్మ. జనగామ. ఆమె లిఫ్ట్ తలుపును చూసింది, నన్ను చూసింది. “ఏమైంది అల్లుడా?” అన్నది.

“మోటర్ కాలింది అత్తమ్మా” అన్న. ఈ అబద్ధం షురూ అయింది ఆడికెల్లే.

సుజాత నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ చెప్పను. అత్తమ్మను కుర్చీల కూసుండబెట్టి నలుగురం మోద్దామంటె ఆమె ఒప్పుకోలే, పడేస్తె ఇంకో మోకాలు గూడ పోతదన్నది. అప్పుడు రామారావు గారు తలుపు తీసుకుని బయటికొచ్చిండు. ఒక్క మాట అడగలే. ముందు గది ఖాళీగ ఉందండీ, లిఫ్ట్ బాగయ్యేదాకా పెద్దావిడ ఇక్కడే ఉంటారు, అని మంచం మీద దుప్పటి పరిపిచ్చిండు. నాకు సిగ్గుతోని తల ఎత్తబుద్ధి కాలే. బూందీ పొట్లం చేతిల పెట్టి నోరు మూయించిన మనిషి ఆయన.

అత్తమ్మకు మందులిచ్చి పండుకోబెట్టినంక నేను మెల్లగ అడిగిన, ఆ రోజు మీరు ఏదో చెప్పబోయిన్రు గద సార్ అని. ఆయన వసారాల కుర్చీ ఏసి నన్ను కూసోమన్నడు.

“మీ కాలేజీలో పిల్లలు ప్రాక్టికల్ రికార్డు రాస్తారు కదండీ. ఎవరు రాస్తారు?”

“వాళ్లే రాస్తరు సార్.”

“ఎవరు తెచ్చి ఇస్తారు?”

“వాళ్లే తెచ్చి ఇస్తరు.”

“ఇవ్వకపోతే మీరు ఊరుకుంటారా?”

రికార్డు లేనోన్ని ల్యాబ్ గడప గూడ తొక్కనియ్య, ఆయనకు తెల్సు.

“వాలంటరీ కంప్లయన్స్ అంటే అంతేనండీ. మీ లెక్క మీరే వేసుకోండి, మీరే వచ్చి కట్టండి, మేం మీ ఇంటి మీద పడం అని. కట్టాలా వద్దా అనేది మీ ఇష్టం అని కాదు. ఇక ఆ ఆర్టికల్ అంటారా, చట్టం లేకుండా పన్ను వేయకూడదు అంటుంది. చట్టం ఉంది కదండీ మరి.”

అంతే. నెల దినాల కింద ఆ ఒక్క నిమిషం ఇనుంటె అయిపోతుండె.

ఆదివారం పొద్దున పార్కింగుల అర్జెంట్ మీటింగ్ పెట్టిన. రామారావు గారు చెప్పింది మొత్తం చెప్పిన, రికార్డు బుక్ ఉదాహరణ మాత్రం నా సొంతం లెక్క చెప్పిన. పన్ను కట్టుడు బాధ్యత, చట్టం, రోడ్లు, దవాఖానలు, లిఫ్ట్, అన్నిటిని ఒక తాడుకు కట్టి గట్టిగనే మాట్లాడిన. మొన్నటికన్న మంచిగనే వచ్చింది స్పీచ్. చప్పట్లు మాత్రం రాలే.

స్వప్న లేచింది. ఏం మాట్లాడకుండ ఫోన్ల వీడియో పెట్టి, భాస్కరన్న తెచ్చిన స్పీకర్‌కు కనెక్ట్ చేసింది. అంటె వీళ్లు ముందుగాలనే అనుకుని వచ్చిన్రు. పార్కింగ్ మొత్తం నా గొంతు మోగింది. “ఇష్టం లేని మనిషి దగ్గర పైసలు అడిగేటోడు ఎవడైనా సరే...” జవాబు చెప్పాల్సినోన్ని నేనే, అక్కడనే నిలబడ్డ.

“రెండు స్పీచులిచ్చిన్రు సార్. ఏ శ్రీనివాస్ సార్‌ను నమ్మాలె?” అన్నడు భాస్కరన్న. అందరు నవ్విన్రు.

స్వప్న నవ్వలే. “సార్, మీరు ఆ రోజు చెప్పింది తప్పని నాకు అప్పుడే తెల్సు. ఆ ఆర్టికల్ మేం రోజు చదివేదే. మీరు తప్పు చెప్పిన అని ఒక్క మాట అనుండ్రి, మేం నలుగురం ఇప్పుడే కడ్తం” అన్నది.

ఒక్క మాట. చెప్తె అయిపోతుండె. కాని ముంగట అంతమంది, అండ్ల నా కాలేజీ పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు. నా నోరు ఏమన్నదో తెల్సా? తప్పని కాదమ్మా, దాన్ని వేరే కోణంల చూడాలె, అన్నది. ఆ పిల్ల స్పీకర్ బంద్ చేసి మెట్ల దిక్కు నడిచింది. ఎనుకనే అందరు. మీటింగ్ అయిపోయింది. పార్కింగుల నేను, స్పీకర్, రామారావు గారు మిగిలినం. స్పీకర్ గూడ కొంచెం సేపటికి భాస్కరన్న వచ్చి తీస్కపోయిండు.

నాకు యాదికి రాని సంగతి ఒకటుండె. పార్కింగ్ పక్కనే రామారావు గారి ముందు గది కిటికీ. కిటికీ అవతల మంచం మీద అత్తమ్మ.

సోమవారం నేను కాలేజీకి పోయినంక జరిగింది నాకు రామారావు గారే చెప్పిండు. అత్తమ్మ పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, గేటు పక్కన కుర్చీ ఏయించుకుని కూసున్నదట. ఆపరేషన్ కాలు ముంగటికి చాపి స్టూల్ మీద పెట్టింది. మా గేటు చిన్నది. ఒక పక్క బైకులుంటయి. ఆ కాలు దాటుకుని పోవాలంటె దుంకాలె. ఆపరేషన్ అయిన ముసలామె కాలు మీదికెల్లి ఎవడు దుంకుతడు?

ఇంకో సంగతి మీకు చెప్పలే. మా అత్తమ్మ బస్సు కండక్టర్ చేసి రిటైరయింది. జనగామ బస్సుల, సంత రోజున, కాలు పెట్ట జాగ లేకున్నా ఒక్కన్ని టికెట్ లేకుండ దింపలేదని పేరు. గొంతు పెంచేది గూడ కాదట. ఊరికె వచ్చి పక్కన నిలబడేదట.

ముందుగాల భాస్కరన్న వచ్చిండు. “ఏం కొడుకా, బోణీ టైమా? దుకాణం మంచిగ నడుస్తుందా?” అన్నదట. నడుస్తుంది పెద్దమ్మా అన్నడట. “మీ మెయింటెనెన్స్ ఇంక రాలేదట గద. బలవంతమేం లేదు బిడ్డా, నీ ఇష్టం. నేనైతె ఈడనే కూసుంట” అన్నదట. భాస్కరన్న ఫోన్ల గడియారం చూసుకున్నడు, కాలు చూసిండు, ఆమె మొహం చూసిండు. అక్కడనే నిలబడి పైసలు పంపిండు.

తర్వాత మొదటి అంతస్తోళ్లు, తర్వాత మా పక్క ఫ్లాటోళ్లు. ఒకాయనయితె పెద్దమ్మను తప్పిచ్చుకుందామని ఎనుక గోడ దిక్కు పోయి, అక్కడ తలుపు లేదని గుర్తుకొచ్చి మళ్ల వచ్చి ఇచ్చిండట. ఎవ్వరి మీద కోపం చెయ్యలే, ఎవ్వరి పరువు తియ్యలే. అందరిని పిల్లల చదువులు అడిగింది, బీపీలు అడిగింది, పైసలు తీసుకున్నది. స్వప్న వాళ్లు కోచింగ్‌కు పోతుంటె వాళ్లను మాత్రం ఆపలే, కాలు పక్కకు తీసింది. ఆ పిల్లనే ఆగి, కట్టేసి, ఆ రోజు క్లాస్ ఎగ్గొట్టి పెద్దమ్మ పక్కన కూసుని ఎవరెవరివి వచ్చినయో గ్రూపుల పెట్టిన రసీదులు ఫోన్ల చూసి చెప్పుడు షురూ చేసింది. రామారావు గారు మజ్జిగ ఇచ్చుకుంట, నలభై ఏండ్ల సర్వీసుల వాలంటరీ కంప్లయన్స్ ఇంత బాగా అమలవ్వడం చూళ్లేదండీ, అన్నడట.

బాకీ పైసలు తయారున్నయని రామారావు గారు ఫోన్ చేస్తె మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చిండు. సాయంత్రానికి లిఫ్ట్ నడిచింది.

నాకు ఇవేం తెల్వదు, ఆ రోజు ఫోన్ తెరిచి చూడలే. కాలేజీ అయినంక కూరగాయలు తీసుకుని, రెండు చేతుల్ల రెండు సంచులతోని గేటు కాడికొచ్చిన. లిఫ్ట్ సప్పుడు ఇనబడ్డది. ఖుషీతోని లోపలికి పోబోతె కాలు అడ్డమొచ్చింది.

“ఆగు అల్లుడా” అన్నది అత్తమ్మ.

లిఫ్ట్ బాగయింది గద అత్తమ్మా, పైకి పోదాం నడువు అన్న. పోదాం, నాకేం తొందర లేదు, అందరివి వచ్చినయి, ఒక్క ఫ్లాట్‌ది రాలే, పొద్దుగాల నుంచి వానికోసమే చూస్తున్న, అన్నది. ఎవరిది అత్తమ్మా, నేను మాట్లాడ్త వానితోని అని ప్రెసిడెంట్ గొంతుతోని అన్న.

స్వప్న ఫోన్ నా దిక్కు తిప్పింది. “నాలుగో అంతస్తు సార్. మీదే.”

నిజమే. అందరిని అడిగే పరేషాన్ల నేను కట్టలే. ఇంకా నిజం చెప్పాల్నంటె, ఎవ్వరు కట్టనప్పుడు నేనొక్కన్నే కడ్తె బాగుండదని ఊకున్న.

సంచులు కింద పెట్టిన. టమాటలు దొర్లినయి. అందరు బాల్కనీలకు వచ్చిన్రు. ఫోన్ తీసి పంపిన, గ్రూపుల రసీదు పెట్టిన. పంపి, ఇగ దాచేదేమున్నదని, “స్వప్నా, నేను ఆ రోజు తప్పు చెప్పినమ్మా. వీడియో చూసి, ఎవ్వరిని అడగకుండ చెప్పిన” అన్న. ఆ పిల్ల కూసున్న కాడికెల్లి లేచి, “సరే సార్” అని టమాటలు ఏరి సంచిల ఏసింది. రామారావు గారు ఇటుకెల్లి మొహం తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నడు.

అత్తమ్మ మాత్రం స్వప్నను, పైసలు పడ్డయా లేదా చూడు బిడ్డా అని అడిగింది. పడ్డయన్నంక కాలు తీసింది.

పైకి పోయినంక సుజాతను అడిగిన. అకౌంట్ చూసేది నేను, గ్రూపుల రాసేది నేను, మరి మనది బాకీ ఉన్నదని మీ అమ్మకు పొద్దుగాలనే ఎట్ల తెల్సింది అని.

సుజాత టమాటలు కడుగుకుంటనే, “నేనే చెప్పిన” అన్నది.

మనం ఎంత దాచినా ఇన్‌కమ్ టాక్సోళ్లకు అన్ని ముందుగాలనే ఎట్ల తెలుస్తయో నాకు అప్పుడు సమజయింది.